పెయింటరన్న ఫాంటు

కొత్త కంప్యూటరు కొన్న వారం రోజులకే దాన్ని పాత కంప్యూటరు చేసేశాను. పొద్దున షాపు తెరిచి, స్విచ్ వేసి, కసవు ఊడ్చి, గడప ముందర నీళ్లు చల్లి, టీ తాగి వచ్చి కూర్చున్నా తెర మీద చక్రం తిరుగుతూనే ఉండేది. అమ్మిన వాళ్లను పిలిపించి నాలుగు మాటలు అన్నాను. వచ్చినాయన మిషను విప్పి చూసి, మళ్లీ బిగించి, "మేడం, దీంట్లో ఏ తప్పూ లేదు. మీ ఫాంట్లే దీన్ని చంపుతాండాయి" అన్నాడు. లెక్క చూస్తే ఎనిమిది వేల పైచిలుకు ఉన్నాయి.

నాకు కోపం వచ్చింది. ఫాంట్లు ఎక్కువయ్యాయని ఒక డీటీపీ మనిషితో అనడం, చీరలు ఎక్కువయ్యాయని పెళ్లికూతురితో అనడంలాంటిదే. కర్నూలు పాతబస్తీలో ఇదే గదిలో పాతికేళ్లకు పైగా కూర్చున్నాను. పెళ్లిపత్రికలు, దినం కార్డులు, బడి ప్రశ్నపత్రాలు, ఉరుసు కరపత్రాలు, చర్చి పాటల పుస్తకాలు, ఓట్లు అడిగే కాగితాలు అన్నీ నా వేళ్ల కిందనుంచే పోయాయి. ఆ ఎనిమిది వేలూ నాకు ఒక్క రోజులో రాలేదు.

పెళ్లికాక ముందు కడపలో ఒక ప్రెస్సులో పని నేర్చుకున్నాను. అప్పుడు నా దగ్గర ఒక ఫ్లాపీ, అందులో పదకొండు ఫాంట్లు. పెళ్లయి కర్నూలు వచ్చేటప్పుడు ప్రెస్సు సారు దాన్ని కాగితంలో చుట్టి ఇచ్చారు. మా అత్తగారు పుట్టింటి సారెలో అదేమిటని అడిగితే అక్షరాలు అని చెప్పాను. ఆమె నన్ను చూసే చూపు ఆ రోజునుంచే కొంచెం మారింది.

ఆ రోజుల్లో ఫాంటు కొనడం అనే మాటే మాకు తెలియదు. ఎవరైనా హైదరాబాదు పోతే సీడీ తెచ్చేవారు. ఆదోనిలో ఒకాయన దగ్గర మంచి లావు అక్షరం ఉందంటే బస్సెక్కి పోయి తెచ్చుకునేవాళ్లం. వచ్చిన ప్రతిదాన్నీ, పనికొస్తుందా రాదా అని చూడకుండా కంప్యూటరులో వేసుకునేవాళ్లం. అందరికీ మూలం మాత్రం ఒకటే. దాన్ని మేం తల్లి ఫాంటు అనేవాళ్లం. ఎవరు చేశారో మాకు తెలియదు. అందులో కొన్ని ఒత్తులు బాగుండేవి కావు, కొన్ని అసలు లేవు. కాబట్టి ప్రతి ఊళ్లో ప్రతి ఆపరేటరూ దాన్ని విప్పి, తనకు కావలసింది సరిచేసుకుని, ఫైలు మీద తన ఊరి పేరు పెట్టుకునేవాడు. నంద్యాల తల్లి, డోన్ తల్లి, ప్రొద్దుటూరు తల్లి అంటూ మా జిల్లాల్లో అలా ఎన్ని తయారయ్యాయో ఆ దేవుడికే తెలియాలి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. ఫాంటుకు రెండు పేర్లు ఉంటాయి. ఒకటి ఫైలు పైన మనం రాసుకునేది. రెండోది లోపల ఉండేది, కంప్యూటరు పిలిచేది ఆ పేరుతోనే. మేం పై పేరు మార్చేవాళ్లం, లోపలి పేరు జోలికి పోయేవాళ్లం కాదు. ఎందుకు పోలేదంటే, సారు నేర్పలేదు, మాకు తోచలేదు. లోపల అన్నీ ఒకే పేరు కాబట్టి ఒకేసారి రెండు ఎక్కించడం కుదిరేది కాదు. నంద్యాల తల్లి కావాలంటే డోన్ తల్లిని దించాలి. ఈ ఎక్కించడం, దించడంతోనే నా సగం మధ్యాహ్నాలు గడిచిపోయాయి.

అక్షరాలంటే మా వైపు జనానికి పట్టింపు లేదని పట్నం వాళ్లు అనుకుంటారు. కడప ప్రెస్సులో నేను చేరిన కొత్తలో వేంపల్లె నుంచి ఒక రైతు పెద్దమనిషి కూతురి పెళ్లిపత్రికల పెట్టె తెచ్చి బల్ల మీద దబ్బున పెట్టాడు. "ఏమప్పా, మా నాయన దినానికి ఏసిన అచ్చరాలే నా కూతురు పెండ్లికి ఏస్తావా? నీకు ఇంగ వేరే అచ్చరాలు లేవా?" అన్నాడు. సారు మొహం తెల్లబోయింది. తీసి చూస్తే నిజమే. నాలుగేళ్ల కిందటి దినం కార్డు, ఈ పెళ్లిపత్రిక ఒకే ఫాంటు. ఈ పత్రిక చేసింది నేనే. పెట్టె మొత్తం మళ్లీ వేసిచ్చాం. ఆ రోజునుంచి దినానికి వాడిన అక్షరం పెళ్లికి వాడకూడదనే కట్టుబాటు నాకు మనసులో పడిపోయింది. కర్నూల్లో కూడా అదే పాటించాను, ఇప్పటికీ పాటిస్తున్నాను.

సరే, కంప్యూటరు కదలనని మొరాయించింది కాబట్టి ఫాంట్లను సర్దే సాఫ్ట్‌వేరు ఒకటి చూసుకోక తప్పలేదు. అన్ని ఫాంట్లూ కంప్యూటరు మీద ఎక్కి కూర్చోకుండా, అల్మారాలో మడిచిపెట్టినట్లు పెట్టి, కావలసినప్పుడు కావలసినదాన్ని మాత్రమే తీసి ఎక్కించే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయని చెప్పారు. మూడు ప్రయత్నించాను.

మొదటిది చూడటానికి పెళ్లిమంటపంలాగా ఉంది. కానీ ప్రతి ఫాంటు పక్కన నమూనాగా ఒక ఇంగ్లీషు వాక్యం చూపిస్తుంది. మా పాత తెలుగు ఫాంట్లలో తెలుగు అక్షరాలు ఇంగ్లీషు మీటల కింద దాక్కుని ఉంటాయి. అందుకని ఆ ఇంగ్లీషు వాక్యం కాస్తా తెలుగులో ఒక పిచ్చి కూతగా మారి కనిపించేది. వేల వరసల్లో అదే కూత. రెండు రోజులు దాన్నే చూస్తూ కూర్చున్నాక అందులో నాకేదో అర్థం కనిపించడం మొదలైంది. భయమేసి తీసేశాను.

రెండోది తెలివైనదట. మనం ఏమీ చేయనక్కర్లేదు, అక్షరాల రూపం చూసి అదే వర్గాలుగా విడదీస్తుందట. చేయనిచ్చి భోజనానికి వెళ్లి వచ్చాను. కాళ్లున్న ఇంగ్లీషు అక్షరాలు ఒక చోట, కాళ్లు లేనివి ఒక చోట, చేతిరాతవి ఒక చోట బుద్ధిగా పెట్టింది. మన తెలుగువన్నీ తీసుకుపోయి "ఇతరాలు" అనే గంపలో పోసింది. పెళ్లి, చావు, దేవుడు, బడి అన్నీ ఇతరాలే. పైగా నెలనెలా అద్దె కట్టమంది. నన్ను ఇతరాల్లో పడేసిన దానికి నేను అద్దె కట్టాలా? దాన్ని తీసేసేటప్పుడు ఎందుకు వద్దనుకుంటున్నారో చెప్పమని ఒక ప్రశ్న వచ్చింది. తెలుగులో జవాబు రాశాను. ఏం రాశానో ఇక్కడ చెప్పను.

మూడోది ఏ దేశంలోనో ఎవరో ఒక్కడే కూర్చుని చేసినట్లుంది. బూడిద రంగు, ఒక సింగారం లేదు. కానీ నమూనా వాక్యం మనమే రాసుకోవచ్చు, వర్గాలు మనమే పెట్టుకోవచ్చు. నేను మీటలు నొక్కి "శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు" అని కొట్టాను. వేల వరసలు ఒక్కసారి తెలుగయ్యాయి. లావువి, సన్నవి, వంకరవి, నగిషీలవి అన్నీ శుభమస్తు, శుభమస్తు అంటూ కిందికి దిగుతూ పోయాయి. నేను కుర్చీలో వెనక్కి వాలి చాలాసేపు చూశాను. నన్ను అడిగితే సాఫ్ట్‌వేరు ఎంచుకోవడం అంటే అంతే, మన మాట మనకు చూపించేదాన్ని పెట్టుకోవడం.

తర్వాత పది రోజులు నాకు పండగే. మధ్యాహ్నాలు గిరాకీ ఉండదు, ఎండకు రోడ్డు మీద కుక్క కూడా తిరగదు. ఫ్యాను కింద కూర్చుని ఒక్కొక్క ఫాంటునూ చూస్తూ వర్గాల్లో వేశాను. పెళ్లి, దినం, దేవుడు, చర్చి, బడి, ఓట్లు. ప్రతి ఒక్కటీ ఒక మనిషిని తీసుకొచ్చేది. ఈ గుండ్రటి అక్షరంతో మొదటి పత్రిక వేసిచ్చిన అమ్మాయికి ఇప్పుడు మనవడు. ఈ పొడుగు అక్షరం అహోబిలం తిరునాళ్ల కరపత్రానిది, వేసిన వెయ్యి కాగితాలూ వానకు తడిస్తే షాపులో తాడు కట్టి ఆరేశాం. ఈ ముతక అక్షరంతో ఓట్లడిగినాయన గెలిచాడు, తర్వాతసారి అదే అక్షరం కావాలని వచ్చి ఓడిపోయాడు, ఆ తప్పు నాదే అన్నాడు. పనిచేస్తున్నానో, పాత ఉత్తరాలు చదువుకుంటున్నానో తెలియకుండా ఆ రోజులు గడిచాయి.

పదో రోజో పదకొండో రోజో ఆ సాఫ్ట్‌వేరు ఒక చిన్న గడి చూపించింది. ఒకే ఫాంటు నలభై ఒక్కసార్లు ఉంది, ఒకటి ఉంచి మిగిలినవి తీసెయ్యనా అని అడిగింది. ఎంత మర్యాద అనుకున్నాను. తీసెయ్యమన్నాను. తీసేసింది. ఇల్లు ఊడ్చినదాన్ని చెత్త గడప లోపల ఎందుకు ఉంచుకుంటాను, చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాను. మరునాడు పొద్దున కంప్యూటరు టీ చల్లారక ముందే లేచి కూర్చుంది. వీధిలో కనిపించిన వాళ్లందరికీ చెప్పుకున్నాను.

నాలుగు రోజుల తర్వాత మధ్యాహ్నం బస్సుకు నందికొట్కూరు వైపు పల్లెనుంచి వదిన వచ్చింది. వదిన అంటే సొంత వదిన కాదు, పెయింటరన్న భార్య. చేతిలో శనక్కాయల సంచి నా బల్ల మీద పెట్టి, నీళ్లు తాగి, కొంగుతో మొహం తుడుచుకుని అన్న గురించి చెప్పింది. "ఆయప్ప పోయి సంవత్సరం అవుతాండాది పాపా. ప్రార్థన కూడిక పెడతాండాము. సమాధికి నల్లరాయి చెప్పినాము. రాయి మీద పేరు ఆయప్ప అచ్చరాలతోనే ఉండల్ల. మిషనుతో చెక్కేవాళ్లు కంప్యూటరులో ఎక్కించి ఇమ్మంటాండారు. నా అచ్చరాలు కర్నూల్లో పాప కాడ బద్రంగా ఉండాయి అని ఆయప్ప శానాసార్లు చెప్పినాడు."

పెయింటరన్న నా దగ్గరికి మొదటిసారి వచ్చింది పోట్లాటకు. అప్పటికి ఫ్లెక్సీలు కొత్తగా దిగాయి. అంతకుముందు నందికొట్కూరు రోడ్డులో ఏ గోడ చూసినా ఆయన రాతే ఉండేది. చర్చి బోర్డులు, విత్తనాల అంగళ్లు, లారీల వెనక పేర్లు, బడి గోడల మీద సుద్దులు. ఆయన అక్షరం కొద్దిగా ముందుకు వంగి ఉండేది, తలకట్టు చివర కొడవలి మొనలాగా సన్నగా పైకి లేచేది. నేను చేసిన ఒక ఫ్లెక్సీని చుట్టి చంకలో పెట్టుకుని వచ్చాడు. బల్ల మీద పరిచి, "ఏమ్మా, ఇదేం రాత? ఈ అచ్చరాలకు నడుముల్లేవు. అన్నీ నిలబడే నిద్రపోతాండాయి" అన్నాడు. నాకూ నోరుంది. "అంత చేతనైతే నువ్వే గీసియ్యన్నా, కంప్యూటరులో పెడతా" అన్నాను. మూడో రోజు గళ్ల నోటుపుస్తకం కొనుక్కుని వచ్చాడు.

ఒక ఎండాకాలం మొత్తం ఆయన మధ్యాహ్నాలు నా షాపులోనే గడిచాయి. స్టూలు మీద కూర్చుని గడికొక అక్షరం గీసేవాడు. నేను దాన్ని స్కాన్ చేసి, తల్లి ఫాంటును విప్పి, అందులోని అక్షరం తుడిచేసి దాని చోట ఆయనది పెట్టేదాన్ని. తెర మీద చూసి, "తోక తెగింది మా, మళ్లా చెయ్యి" అనేవాడు. మళ్లీ చేసేదాన్ని. ఆ చివరి మొన ఒక్కదాని కోసం మేమిద్దరం పోట్లాడుకోని రోజు లేదు. అంత హాయిగా మళ్లీ ఎవరితోనూ పోట్లాడలేదు. అంతా అయ్యాక ఫైలు పైన పెయింటరన్న అని పేరు పెట్టాను. లోపలి పేరు, చెప్పాను కదా, దాని జోలికి పోయే అలవాటు మాకెవరికీ లేదు.

నోటుపుస్తకం నా దగ్గరే ఉంచమని ఇచ్చి వెళ్లాడు. తుంగభద్ర పొంగి పాతబస్తీ మునిగినప్పుడు అది బురదలో కలిసిపోయింది. కంప్యూటరును మాత్రం ముందే మేడ మీదికి మోయించాను. "పుస్తకం పోతే పోనీలే మా, మిషన్లో ఉండాయి గదా" అన్నాడాయన. ఆ నమ్మకంతోనే పోయాడు.

వదిన ఎదురుగా కూర్చుని ఉండగానే వెతికాను. లేదు. నలభై ఒకటిలో ఒకటి ఉంచింది, అది డోన్ తల్లి. మిగిలిన నలభైలో పెయింటరన్న ఉన్నాడని నాకు అప్పుడు తెలిసింది. ఆ సాఫ్ట్‌వేరు తెర మీద చూపించేది లోపలి పేరు. మేం పైన రాసుకున్న పేర్లు దానికి లెక్కలోవి కావు. దాని తప్పేమీ లేదు. సరేనన్నది నేను. మొహం మీద నవ్వు అలాగే ఉంచుకుని, "రెండ్రోజులు ఆగు వదినా, తీసి పెడతా" అన్నాను.

దీనికి ముందున్న కంప్యూటరు అప్పటికే తుక్కుకు పోయింది. పోయిన ఫైళ్లను వెనక్కి తెచ్చేవాళ్లకు చూపించాను, వాళ్లకు వచ్చినవన్నీ విరిగిన ముక్కలు. రెండో రోజు సాయంత్రం నేనొక పని చేశాను. చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. దగ్గర పోలికలున్న ఒక ఫాంటు తీసుకుని, దాన్ని కొంచెం ముందుకు వంచి, తలకట్లకు మొనలు సాగదీసి, అన్న పేరు పెద్దగా కొట్టి ప్రింటు తీశాను. వదినకు చదువు రాదు. వేలిముద్ర వేసే మనిషి. ఆమెకేం తెలుస్తుందిలే అనుకున్నాను.

మరునాడు వదిన వచ్చి ఆ కాగితం చేతిలోకి తీసుకుంది. వాకిట్లోకి పోయి వెలుతురులో పట్టుకుని చూసింది. లోపలికి వచ్చి బల్ల మీద పెట్టింది.

"ఇవి ఆయప్పవి కావు పాపా."

"ఎట్ల చెప్తాండావు వదినా?"

"ఆయప్ప నిచ్చెన మీద ఉంటే కింద రంగు డబ్బా పట్టుకుని నిలబడింది ఎవురనుకుంటాండావు? బస్సులో పోతాంటే గోడ చూసి చెప్తా, ఇది ఆయప్పది, ఇది కాదు అని. ఏం రాసినాడో నాకు తెల్దు. రాసింది ఆయప్పా కాదా అనేది తెలుస్తాది." వేలితో ఆ మొనల మీద తట్టింది. "ఆయప్ప బ్రష్షు ఎత్తేకాడ సన్నంగా పోతాది. వీటిల్లో యాడా ఎత్తలేదు. గీకినట్ల ఉండాది."

నేను ఏడ్చాను. జరిగిందంతా చెప్పాను, నలభై ఒకటీ, చెత్తబుట్టా, నిన్నటి మోసమూ అన్నీ చెప్పాను. తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండేది. ఆమె తల వంచుకుని కొంగు అంచు మడుస్తూ కూర్చుంది. తర్వాత మెల్లగా, "ఇంగ యాడా లేవా?" అని అడిగింది.

గోడల మీద ఉంటాయి అనుకున్నాను ముందు. గోడల మీద పార్టీల రంగులు పడ్డాయి, ఇంకా మిగిలిన వాటి ముందు నా ఫ్లెక్సీలే కట్టి ఉన్నాయి. ఆమె అడిగిన ప్రశ్నను నేను నాలో పదిసార్లు అడుక్కున్నాక గుర్తొచ్చింది. వాళ్ల చర్చి యాభై ఏళ్ల పండగకు ఒక పుస్తకం వేశాం. అట్ట మీద, లోపల ప్రతి శీర్షికలోనూ అన్న అక్షరాలే వాడాను. అచ్చు మాత్రం కడపలో మా సారు దగ్గర వేయించాను. ఫాంటు లేకుండా ఫైలు పంపితే అవతల మిషన్లో అక్షరాలన్నీ పిచ్చిగీతలవుతాయి. అందుకని ఫైలు వెంట ఫాంటు కట్టి పంపడం మా పనిలో తప్పనిసరి. పంపాను. పంపే ఉండాలి.

మరునాడు పొద్దున్నే కడప బస్సు ఎక్కాను. నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు, ఒక్కొక్క ఊరూ దాటుతుంటే ఈ దారిన నేను కొత్త కోడలిగా ఫ్లాపీ చుట్టిన కాగితం ఒళ్లో పెట్టుకుని వచ్చింది గుర్తొచ్చింది. అప్పుడు పదకొండు ఫాంట్లకే నేను గొప్పదాన్ని. ఏది ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పేదాన్ని.

సారు ప్రెస్సు మూసేసి చాలా ఏళ్లయింది. ఇంట్లో ముందు గదిలో ఆ పాత కంప్యూటరు, వెనక పెద్ద బుర్ర ఉన్న తెరతో సహా, దుప్పటి కప్పుకుని ఉంది. "ఏమ్మా, ఇన్నేండ్లకు దోవ తెలిసిందా?" అన్నారు. అన్నం పెట్టించారు. అన్నం తింటూనే చెప్పాను. ఆయన నవ్వలేదు, అది నాకు ఇంకా కష్టమనిపించింది.

దుప్పటి తీసి స్విచ్ వేశారు. అది రోలు తిరిగినట్లు శబ్దం చేస్తూ లేచింది. తెర మీద ఖాళీ లేదు. కొత్త ఫోల్డరు, కొత్త ఫోల్డరు రెండు, మూడు, అలా నూటికి పైగా ఉన్నాయి. ఒక్కదానికీ వేరే పేరు పెట్టలేదు. నాకు పని నేర్పిన మనిషి ఒక్క రోజు కూడా ఏదీ సర్దలేదని ఆ రోజే చూశాను.

"దీంట్లో ఎట్ల వెతుకుతారు సార్?"

"నేను ఫాంటు ఎతకను మా, పని ఎతుకుతా. ఏ పుస్తకం అది?" నేను చెప్పగానే కళ్లు మూసుకున్నారు. "పచ్చ అట్ట. పాటలు పాడేవాళ్ల పొటో తలకిందలు వచ్చింది. నిన్ను ఫోన్లో తిట్టినా. నువ్వు గూడా ఊరికే ఉండలా, తిట్టినావు. ఆ తర్వాత ఉరుసు పోస్టర్లు ఏసినాము, దానికి ముందు బడి డైరీలు." వేలితో తెర మీద లెక్కపెట్టుకుంటూ పోయి అరవై ఎనిమిదో ఫోల్డరు తెరిచారు. పచ్చ అట్ట కనిపించింది. దాని మీద చర్చి పేరు ముందుకు వంగి, తలకట్టు మొనలు పైకి లేపి నిలబడి ఉంది. పక్కనే ఫాంటు ఫైలు, నేను పెట్టిన పేరుతోనే ఉంది.

నేను తెరను రెండు చేతులతో పట్టుకున్నాను. సారు, "ఇడ్సు మా, పాత మిషను, పడిపోతాది" అన్నారు. తర్వాత, "ఏం సాఫ్ట్‌వేరు అన్నావు అది? నాకు గూడా ఏసిస్తావా?" అని అడిగారు. అప్పుడు మాత్రం ఇద్దరం నవ్వాం. మైదుకూరు వచ్చేదాకా నాకు ఆ నవ్వు పోలేదు.

కర్నూలుకు వచ్చి మొట్టమొదట చేసిన పని, ఆ ఫాంటును విప్పి లోపలి పేరు తుడిచేయడం. అక్కడ అన్న పేరు రాశాను. అది అర నిమిషం పని. అర నిమిషం పని ఇన్నేళ్లు చేయనందుకు నన్ను నేను తిట్టుకున్నది మాత్రం చాలాసేపు. ఆ బూడిద రంగు సాఫ్ట్‌వేరును తీసెయ్యలేదు, ఇప్పటికీ వాడుతున్నాను. అన్న ఫాంటు కోసం అందులో కొత్త వర్గం ఒకటి పెట్టాను, అందులో అది ఒక్కటే ఉంటుంది. ఏదైనా తీసెయ్యనా అని అడిగినప్పుడల్లా వద్దనే చెబుతున్నాను.

వదినకు కబురు చేస్తే ఆదివారం ఆరాధన అయ్యాక తెల్లచీరతోనే నేరుగా వచ్చింది. అన్న పేరు కాగితం నిండా వచ్చేలా కొట్టి ప్రింటు తీసి ఇచ్చాను. ఈసారి వాకిట్లోకి పోలేదు. ఉన్నచోటే చూసింది. వేలు పెట్టి ప్రతి అక్షరం మీదా, ఆ మొన దాకా నడిపించింది. "ఇవి ఆయప్పవే" అంది. రాయి చెక్కేవాళ్లకు ఇవ్వవలసిన ఫైలు పెన్‌డ్రైవులో ఎక్కించి, కవరులో పెట్టి ఆమె సంచిలో వేశాను. పని అయిపోయింది. ఆమె లేవలేదు.

"ఇంగో కాయితం తీస్తావా పాపా?"

"ఎన్నైనా తీస్తా. అన్న పేరేనా?"

"ఆయప్పది కాదు. నాది." ఆమె నా వైపు చూడకుండా తెర వైపు చూస్తూ అంది. "ఊరందరి పేర్లూ రాసినాడు. లారీలకు రాసినాడు, అంగళ్లకు రాసినాడు, సచ్చినోళ్లకు రాసినాడు. నా పేరు ఒగసారి గూడా రాయలా. చదవనురాని దానికి రాసి ఏం లాబమనుకున్నాడో ఏమో, నేనూ అడగలా. ఆయప్ప చేత్తో నా పేరు ఎట్లుంటాదో చూడల్లని ఉండాది."

నేను కొత్త పేజీ తెరిచాను. అన్న ఫాంటు పెట్టాను. అక్షరం పెద్దది చేశాను. మీటల మీద వేళ్లు పెట్టాక అవి కదల్లేదు. ఆ ఎండాకాలం అంతా ఈమె కట్టిచ్చిన సద్ది నేను కూడా తిన్నాను. ఇన్నేళ్లు వదినా అని పిలిచాను. ఈమె పేరు నాకు తెలియదు.

"వదినా, నీ పేరేంది?" అని అడిగాను.